సిమ్యులేటర్‌లో కంప్యూటర్ గురువు ఎప్పుడు మాట్లాడాలి?

సంపాదక మహాశయులకు,

సిమ్యులేటర్‌లో జవాన్లకు పాఠం చెప్పే కంప్యూటర్ గురువు గురించి మీ పత్రికలో వచ్చిన వ్యాసం చదివాను. పదాతిదళంలో కొత్తగా చేరిన కుర్రాళ్లకు సెక్షన్ (జవాన్ల చిన్న దళం) కదలికలు నేర్పుతూ ఉద్యోగ జీవితంలో ఎక్కువ భాగం గడిపినవాణ్ని. ఈ సాఫ్ట్‌వేర్ రావడం నాకు సంతోషమే. గది గుమ్మం దాటే క్షణంలో అందరి తుపాకీ మొనలనూ ఒక్క ఉస్తాద్ కళ్లు గమనించలేవు. ఎవరి మొన తోటివాడి వీపు మీదుగా తిరిగిందో సిమ్యులేటర్ తిప్పి చూపిస్తుంది. ఇక బుకాయింపులు ఉండవు.

అయితే అభ్యాసం జరుగుతుండగానే హెడ్‌ఫోన్‌లో 'ఎడమ వైపు చూడు', 'చాటుకు వెళ్లు' అని అది హెచ్చరించడాన్ని వ్యాసంలో గొప్ప సౌకర్యంగా రాశారు. నా అభ్యంతరమంతా అక్కడే. కాల్పుల మోతలో జవాను చెవి వెతకాల్సింది తన సెక్షన్ కమాండర్ గొంతు కోసం. నెలల తరబడి మరో గొంతు దారి చూపిస్తే, అది లేని చోట అతను ఆదేశం కోసం ఎదురుచూస్తూ నేలకు అతుక్కుపోతాడు. కమాండర్‌కు జరిగే నష్టం ఇంకా పెద్దది. అరిచి చెప్పాల్సిన మాట యంత్రమే చెప్పేస్తుంటే అతను ఆజ్ఞాపించడం ఎప్పుడు నేర్చుకుంటాడు?

ఇది పాతకాలపు ఉస్తాద్ చాదస్తం కాదు. శారీరక నైపుణ్యాలు నేర్చుకునే తీరుపై అప్పటిదాకా జరిగిన పరిశోధనలను సాల్మోనీ, ష్మిట్, వాల్టర్ అనే పరిశోధకులు 1984లో సమీక్షించారు. ప్రతిసారీ వెంటనే ఫలితం చెబుతుంటే సాధన సమయంలో బాగానే చేస్తారని, చెప్పడం ఆగాక వెనకబడే ప్రమాదం ఉందని వారు వివరించారు. రైఫిల్ బట్ భుజానికి ఆనించడం కూడా రాని తొలి రోజుల్లో అప్పటికప్పుడు సరిదిద్దాల్సిందే. నిజమైన తూటాలు పేలే ఫైరింగ్ రేంజిలో ప్రమాదం కనిపిస్తే ఆపాల్సిందే. సిమ్యులేటర్‌లో ఎవరి ప్రాణానికీ ముప్పు లేదు కదా! అక్కడ తప్పును చివరిదాకా సాగనివ్వవచ్చు.

ఇక మార్కుల సంగతి. అమెరికా సైన్యపు పరిశోధనశాల రూపొందించిన గిఫ్ట్ అనే కంప్యూటర్ శిక్షణ వ్యవస్థ శిక్షణార్థి పనితీరును అంచనాకు తక్కువ, అంచనాకు తగినట్టు, అంచనాకు మించి అని లెక్కిస్తుంది. ఆ అంచనాలను రాసేది మనుషులే. శత్రువు తలెత్తకుండా ఒక బృందం కాల్పులు (కవరింగ్ ఫైర్) జరుపుతుంటే రెండోది పరుగెత్తి ముందున్న గట్టు చేరాలనుకోండి. రెండో బృందం ఆలస్యంగా కదిలిందని యంత్రం తక్కువ మార్కు వేస్తుంది. కారణం అడిగితే ఆ బృందంలోని కుర్రాడు, 'లైట్ మెషిన్ గన్ మేగజీన్ మారుస్తున్నారు, కవరింగ్ ఫైర్ ఆగింది, అందుకే లేవలేదు' అంటాడు. అతను చేసిందే సరైన పని! మేగజీన్ మార్చిన సంగతి కూడా కంప్యూటర్‌లో నమోదై ఉండవచ్చు. ఆ రెంటినీ కలిపి చూడాలన్న నిబంధన ఎవరూ రాయకపోతే అది పట్టించుకోదు. అలాంటి మార్కులు సర్వీసు రికార్డుకు ఎక్కితే మరుసటిసారి ఆ కుర్రాడు కవరింగ్ ఫైర్ లేకుండానే పరుగెత్తుతాడు.

అభ్యాసం ముగిశాక అందరినీ కూర్చోబెట్టి ఏం చేయాలనుకున్నాం, ఏం జరిగింది, ఎందుకు అలా జరిగింది, ఈసారి ఏం చేద్దాం అని అడిగే పద్ధతి సైన్యాల్లో ఉన్నదే. సాఫ్ట్‌వేర్ నోరు విప్పాల్సిన చోటు అది. అక్కడైనా ముందు సెక్షన్ కమాండర్‌ను చెప్పనివ్వాలి, తర్వాత జవాన్లను, ఆ తర్వాతే తెరపై రికార్డు వేయాలి. వాళ్ల మాటకూ రికార్డుకూ పొంతన కుదరని చోట ఉస్తాద్ ఎంతసేపైనా ఆగాలి.

ఈ సాఫ్ట్‌వేర్ కొనే అధికారులకు నా విన్నపం ఒకటే. హెడ్‌ఫోన్ హెచ్చరికలను పూర్తిగా ఆపే వీలు, నిబంధనలను మార్చుకునే వీలు శిక్షకుడి చేతిలో ఉన్నాయో లేదో చూడండి. కొనుగోలుకు ముందు జరిగే పరీక్షలో రోజూ సెక్షన్‌తో తిరిగే ఉస్తాద్‌లను కూర్చోబెట్టండి.

– పదాతిదళ విశ్రాంత శిక్షకుడు