సీ డ్రైవ్ పెంచే పని గురించి మా కస్టమర్లకి ఒక మాట

నమస్తే అండి. రాజమండ్రి దేవీచౌక్ దగ్గర మన కంప్యూటర్ షాపు నుంచి రాస్తున్నాను. పోయిన నెల మన కస్టమర్ ఒక మాస్టారి సిస్టమ్‌లో సీ డ్రైవ్ పెంచుతుంటే డేటా పోయిన విషయం ఇప్పటికే ఆనోటా ఈనోటా చాలామందికి చేరింది. ఒకాయనైతే టీకొట్టు దగ్గర నలుగురిలో "మొత్తం డేటా ఊడ్చేశావంటగా" అని అడిగేశాడు. ఊడ్చెయ్యలేదు. కానీ కొంత పోయిన మాట నిజం, నా చేతుల్లోనే పోయింది, అందుకే ఎవరో చెప్పేకంటే నేనే చెప్దామని.

ముందు ఒకటి ఒప్పుకోవాలి. మీలో చాలామంది సిస్టమ్‌లలో డిస్క్‌ని రెండు ముక్కలు చేసి, విండోస్ ఉండే సీ డ్రైవ్‌కి 100 జీబీ, మిగతాదంతా మీ ఫైళ్లుండే డీ అని కోసింది నేనే. 2018, 2019లో నేను అమ్మిన ప్రతి వన్ టీబీ డిస్క్‌కీ అదే లెక్క. విండోస్ పాడైతే సీ ఒక్కటే ఫార్మాట్ కొట్టి మళ్లీ ఎక్కించొచ్చు, డీలో ఫోటోల జోలికి వెళ్లక్కర్లేదు అని. అప్పట్లో 100 జీబీ అంటే ఎప్పటికి నిండుద్దిలే అనుకున్నా. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి సపోర్ట్ ఆగిపోయిందని అందరూ 11 ఎక్కించుకున్నారు, ఎక్కించగానే పాత విండోస్ ఇంకో ఫోల్డర్‌లో కొన్నాళ్లు అలాగే కూర్చుంటాది, దాని మీద అప్‌డేట్లు, వాట్సాప్ వీడియోలు, సీ డ్రైవ్ గీత ఎర్రగా అయిపోద్ది, డీ చూస్తే సగానికి పైగా ఖాళీ. దాంతో "డీలోంచి ఓ 100 సీకి కలిపెయ్యవయ్యా" అని వరస కట్టారు.

వినడానికి చిన్న పనే. కానీ పక్కపక్క చేల లాంటిదండి ఇది. సీకి స్థలం కలవాలంటే సరిగ్గా దాని కుడి గట్టుకి ఆనుకుని ఖాళీ ఉండాలి. డీని తగ్గిస్తే వచ్చే ఖాళీ ఏమో డీకి అవతలి చివర ఉంటాది, సీకీ డీకీ మధ్యలో విండోస్ వాడి రికవరీ పార్టిషన్ ఒకటి, అంటే విండోస్ చెడితే బాగుచేసుకోడానికి వాడు పక్కన పెట్టుకునే చిన్న ముక్క. అందుకే విండోస్‌లోనే ఉండే డిస్క్ మేనేజ్‌మెంట్‌లో ఎక్స్‌టెండ్ (పెంచు) అనేది నొక్కుదామంటే నొక్కనివ్వదు. డీ మొత్తం ఖాళీ చేసి, దాన్నీ ఆ రికవరీ ముక్కనీ తీసేస్తే సీ పెంచడం నిమిషం పని. ఖాళీ చెయ్యకుండా పెంచాలంటే వేరే సాఫ్ట్‌వేర్ పెట్టి డీలో ఉన్న డేటా అనే పంటంతా వేళ్లతో సహా లేపి కుడిపక్కకి నాటుకుంటూ పోవాలి. హార్డ్ డిస్క్ మీద గంటల పని, మధ్యలో ఆగితే సగం పంట పాత చోట, సగం కొత్త చోట.

మాస్టారి డిస్క్‌లో 380 జీబీ ఉంది. కాపీ తీసుకోవాలంటే గంటో గంటన్నరో. ఆయన మర్నాడు పొద్దున్నే ఊరెళ్తానన్నారు, నేను ఇట్లాంటివి వందల్లో చేసుంటా, ఒక్కటీ చెడలేదు, కాపీ తియ్యకుండా మొదలెట్టేశా. రాత్రి ఎనిమిదిన్నరకి గాలివాన, కరెంటు పోయింది. యూపీఎస్ కీచుమంది. నలభై సెకన్లు కూడా ఆగలేదండి, స్క్రీన్ నల్లగా అయిపోయింది.

ఇప్పుడు ఆ యూపీఎస్ బ్యాటరీ సంగతి చెప్పాలి, చెప్పకపోతే నాకు అన్నం సహించదు. పన్నెండేళ్లుగా ఒకే డీలర్ దగ్గర తెస్తున్నా. యూపీఎస్ బ్యాటరీలు నాలుగు, మార్చిలో తెచ్చా, వెయ్యి రూపాయల చొప్పున, కొత్తవి అనే. ఒక్క సిస్టమ్‌కి పావుగంట రావాలి. మర్నాడు దాన్ని బయటికి తీసి పైన స్టిక్కర్ గోరుతో గీకితే కింద ఇంకో స్టిక్కర్ ఉంది, దాని మీద నాలుగేళ్ల కిందటి తేదీ. నాలుగూ అంతే. ఫోన్ చేస్తే "లోడ్ ఎక్కువ పెట్టుంటావ్ తమ్ముడూ, బ్యాటరీ అన్నాక పోద్ది" అన్నాడు. ఫోటో పంపితే చూశాడు, రెండు నీలం టిక్కులు పడ్డాయి, జవాబు లేదు. రెండ్రోజులాగి "రెండు మార్చి ఇస్తాలే, ఇక వదిలెయ్" అన్నాడు. రెండు! నాలుగు అమ్మి రెండు మారుస్తాడంట. వాడి పాప పుట్టినరోజుకి భార్యాపిల్లల్తో వెళ్లొచ్చినవాణ్ణి నేను. ఆ నాలుగూ వాడి షాపు మెట్ల మీద పెట్టేసి వచ్చా, డబ్బులు అడగలేదు. నెల రోజులు అప్పు ఇచ్చేది వాడొక్కడే, ఇప్పుడు అంతా రొక్కం పెట్టి తెస్తున్నా, పర్లేదు.

మా ఆవిడ మాత్రం "మూడు గంటల పనికి పావుగంట బ్యాటరీ ఎలా సరిపోద్దనుకున్నావ్" అంది. నిజమే అనుకోండి. కాకపోతే ఆ రోజు కరెంటు తొమ్మిది నిమిషాల్లో వచ్చేసింది, అది కూడా రాసుకోండి.

కరెంటు వచ్చాక ఆన్ చేస్తే విండోస్ డీ డ్రైవ్ చెక్ చేస్తానంది. కీ కొట్టి ఆపేశా, దాన్ని సరిచెయ్యనిస్తే మిగిలింది కూడా చెరిపేస్తదని. డిస్క్ పీకి, కొత్త డిస్క్ కొని దాని మీదకి ఉన్నదున్నట్టు కాపీ దించి, ఆ కాపీ మీదే వెతికా. పోయిన పార్టిషన్లు వెతికే టెస్ట్‌డిస్క్ అనే సాఫ్ట్‌వేర్‌తో పాత పార్టిషన్ దొరికింది గానీ లోపల ఫోల్డర్లు తెరుచుకోలేదు. పోయిన ఫైళ్లు ఏరే ఫోటోరెక్ పెడితే ఫోటోలు వచ్చాయి, పేర్లు లేకుండా, ఎఫ్ అక్షరం పక్కన అంకెలు, పద్దెనిమిది వేల చిల్లర. "అమ్మాయి పెళ్లి", "కాశీ" అని మాస్టారు పెట్టుకున్న ఫోల్డర్లు లేవు. కెమెరా ఫోటోల్లో తీసిన తేదీ ఉంటాది కాబట్టి వాటిని సంవత్సరాల వారీగా సర్దా, వాట్సాప్‌లో వచ్చినవాటికి ఆ తేదీ ఉండదు, అవి అలాగే కుప్పగా ఇచ్చా. వీడియోల్లో పదకొండు తెరుచుకోలేదు. వాటిల్లో పెళ్లి తలంబ్రాలది ఒకటి. మాస్టారు ఒక్క మాట అనలేదు, "పోన్లే నాయనా" అన్నారు. తిట్టినా బాగుండేది.

డబ్బులు తీసుకోలేదు, కొత్త డిస్క్ కూడా నా ఖాతాలోనే.

ఇక ముందు సంగతి. ఈ పని పూర్తిగా మానేద్దామా అని వారం రోజులు ఆలోచించా. మానేస్తే మీరు ఇంకో చోటికెళ్తారు, అక్కడా కాపీ తియ్యకుండానే చేస్తారు. అందుకని మానను, కానీ ఇక నా పద్ధతిలోనే. డేటా మొత్తం వేరే డిస్క్‌లోకి కాపీ తీసి, అందులోంచి నాలుగు ఫైళ్లు మీ ముందు తెరిచి చూపించాకే డీ ఖాళీ చేసి, సీ పెంచి, డేటా మళ్లీ ఎక్కిస్తా, రికవరీ ముక్క కూడా చివర్న మళ్లీ పెడతా. సిస్టమ్ రెండ్రోజులు షాపులోనే ఉంటాది. ఈ పనికి నేను తీసుకునేది 500 రూపాయలు ఉన్నది 900 అయింది. డిస్క్ హెల్త్ చూసినప్పుడు పెండింగ్ సెక్టార్లు (డిస్క్ మీద సరిగ్గా చదవలేకపోతున్న చోట్లు) కనిపిస్తే పార్టిషన్ జోలికే వెళ్లను, ముందు కాపీ, తర్వాత కొత్త డిస్క్. బిట్‌లాకర్ (డిస్క్‌కి విండోస్ వేసే తాళం) ఆన్‌లో ఉన్నవాళ్లు 48 అంకెల రికవరీ కీ తెచ్చుకోండి, అది లేకుండా ముట్టుకోను. పక్క షాపులో 300కి అరగంటలో చేస్తారని నాకూ తెలుసు, అక్కడ చేయించుకుంటే నేనేం అనుకోను. కొంచెం అనుకుంటా.

అసలు సగం మందికి ఈ పనే అక్కర్లేదు. పాత విండోస్ ఫోల్డర్ తీసేసి, హైబర్నేషన్ (తెరిచిన పనిని డిస్క్‌లో దాచి సిస్టమ్‌ని పడుకోబెట్టేది) ఆపేసి, డౌన్‌లోడ్స్ ఫోల్డర్ డీలోకి మారిస్తే 30, 40 జీబీ దొరుకుతాది చాలామందికి. అది ఊరికే చేస్తా, ఓ అరగంట కూర్చోవాలి అంతే.

ఇప్పుడు షాపులో సీ డ్రైవ్ పని కోసం పెట్టిన సిస్టమ్‌లు నాలుగున్నాయి. దేన్నీ ముట్టుకోలేదు. వద్దనుకుంటే పట్టుకెళ్లిపోండి, రశీదు లేకపోయినా పర్లేదు, ఎవరిది ఏదో నాకు గుర్తే. ఉంచుతానంటే ఖాళీ డిస్క్ ఒకటి తెచ్చివ్వండి, లేదంటే నాదే వాడతా. కొత్త బ్యాటరీలు వచ్చాయి, స్టిక్కర్లు గీకి చూశాకే డబ్బులిచ్చా.