తమ్ముడి హెల్త్ చెకప్ అయింది, సాయం చేసినవాళ్లందరికీ థ్యాంక్స్

మా తమ్ముడికి ముప్ఫై దాటాయి. ఆటిజం. పెద్దయ్యాక వాడికి పూర్తి హెల్త్ చెకప్ జరగడం ఇదే మొదలు. ఇంతకుముందు ఒక పెద్దాసుపత్రికి తీసుకెళ్తే "నలుగురం పట్టుకుంటాం, అయిపోతుంది" అన్నారు. తిరిగొచ్చేశాం.

ముందు మా పేరెంట్స్ గ్రూపులోని అక్కకి దండం. ఆవిడ ఇంగ్లండులో నర్సు. అక్కడ లెర్నింగ్ డిజబిలిటీ (మనం మేధో వైకల్యం అనేది) ఉన్నవాళ్లకి 14 ఏళ్ల నుంచి ఏటా చెకప్ ఉంటుంది. ఆటిజం ఒక్కటే ఉన్నవాళ్లు అందులోకి రారు. అందుకని న్యూకాజిల్ యూనివర్సిటీ వాళ్లు ఆటిజం ఉన్న పెద్దవాళ్లనే పక్కన కూర్చోబెట్టుకుని వేరే చెకప్ తయారుచేశారు. డాక్టరు దగ్గరికి వెళ్లకముందే ఇంట్లో నింపుకునే ప్రశ్నల కాగితం ఒకటుంటుంది అందులో. అక్క ఆ పద్ధతిలోనే మనకి పనికొచ్చేలా తెలుగులో రాసిచ్చారు.

"ఈమధ్య ఏం తినడం మానేశాడు?" అని ఒక ప్రశ్న. జంతికలు అని రాశాం. మావాడు నొప్పి అని నోటితో చెప్పడు, చేత్తో చూపించడు. డాక్టరమ్మ ఆ ఒక్క మాట చదివి ముందు నోట్లోకే టార్చి వేశారు. కుడివైపు దవడ పన్ను పుచ్చి చిగురు వాచి ఉంది.

వాడు రిస్పెరిడోన్ (చిరాకు, ఉద్రేకం తగ్గించే మందు) వాడతాడు కాబట్టి బరువు, షుగరు, కొలెస్ట్రాల్ ఎప్పటికప్పుడు చూస్తుండాలన్నారు ఆవిడ. పరగడుపున ఉండలేడమ్మా అన్నాను (టైముకి ఇడ్లీ ప్లేటు కనబడకపోతే ఆ రోజు ఇంట్లో ఎవరికీ ప్రశాంతత ఉండదు). తిట్టలేదు, విసుక్కోలేదు. షుగరుకి హెచ్‌బీఏ1సీ (రెండు మూడు నెలల సగటు షుగరు చెప్పే రక్తపరీక్ష) చేయిద్దాం, దానికి పరగడుపు అక్కర్లేదు, కొలెస్ట్రాల్ కూడా తిన్నాకే చూద్దాం అన్నారు.

ల్యాబ్ అబ్బాయి గురించి ఎంత చెప్పినా తక్కువే. కుర్చీ, సూది, చేతికి కట్టే రబ్బరు ఫొటోలు తీసి ముందురోజే వాట్సాప్ చేశాడు. తిమ్మిరి క్రీము గంట ముందే రాసి పైన ప్లాస్టిక్ అంటించమన్నాడు. ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టి సరిగ్గా మూడుకే గుచ్చాడు. రెండుకే గుచ్చేసే రకాలని చాలామందిని చూశాం. ఇంకెప్పుడూ వాళ్లకి చెయ్యివ్వడు మావాడు.

కాంపౌండరు గారు ఆఖరి టోకెన్ ఇచ్చి, గుయ్యిమనే ట్యూబ్‌లైటు ఆపేసి కిటికీ తెరిచారు. ఖర్చు పెట్టింది లేదు, అదనపు మిషన్లు లేవు.

గ్రూపులో చాలామంది అడిగారు కాబట్టి ఇది కూడా: కేంద్ర ప్రభుత్వ సంస్థ నేషనల్ ట్రస్ట్ వారి నిరామయ ఆరోగ్య బీమాలో లక్ష రూపాయల దాకా కవరేజీ ఉంది, ఆటిజం వర్తిస్తుంది, ఓపీ ఖర్చులూ వస్తాయి. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం 25వ సెక్షన్‌లో వైద్యంలో ప్రాధాన్యం ఇవ్వాలని ఉంది. క్యూలో నిలబడలేని పిల్లలున్నవాళ్లు మొహమాటపడకుండా అడగండి.

ఇక పన్ను పని మిగిలింది. డెంటిస్టు గారు కూడా అదే కాగితం పంపమన్నారు. కావలసినవాళ్లు మెసేజ్ పెట్టండి, అందరికీ ఇవ్వమనే అక్క చెప్పారు. ప్రశ్నలు మాత్రం మీవాళ్లకి తగ్గట్టు మార్చుకోండి, మావాడి ఇడ్లీల గొడవ మీకెందుకు.