కొత్తరెడ్డిపాలెం వెళ్లేముందు

చిన్నీ,

లా పూర్తిచేసి, కోర్టుకు వెళ్లకుండా డాక్యుమెంటరీలు తీస్తానన్నావని మీ నాన్నకు ఒకటే టెన్షన్. నాకూ ఉంది కానీ, నువ్వు చెప్పిన అమెరికా డాక్యుమెంటరీల ఆవిడ అవీవా కెంప్నర్ గురించి చదివాక కాస్త కుదుటపడ్డాను. ఆవిడా లా చదివిన మనిషేనట. 1946లో బెర్లిన్‌లో పుట్టింది. తల్లి పోలండ్ యూదురాలు. క్యాథలిక్‌నని చెప్పుకుని, దొంగ కాగితాలతో నాజీల కళ్లుగప్పి బతికింది. అలాంటి తల్లి కడుపున పుట్టిన పిల్ల, నాజీలు యూదులను బంధించిన విల్నా ఘెట్టోలో తుపాకీ పట్టిన యూదు యువతీయువకులను వెతుక్కుంటూ వెళ్లింది. వాళ్ల మీద సినిమా 1986లో వచ్చింది. దర్శకుడు వేరే ఆయన, ఈవిడ నిర్మాత.

తర్వాత డెట్రాయిట్ బేస్‌బాల్ వీరుడు హ్యాంక్ గ్రీన్‌బర్గ్ మీద పడింది. 1934లో పోటీలు మంచి ఊపు మీదుండగా, యూదుల యోమ్ కిప్పుర్ పండగని ఆట మానేసి ప్రార్థనకు వెళ్లిన మనిషాయన. 1986లో పోయాడు. అప్పుడు మొదలుపెడితే, ఈవిడ సినిమా తెర మీదికి వచ్చేసరికి 1998. పాత ఆటల ఫిల్ముకు హక్కులు కొనాలంటే మాటలా! అన్నాళ్లు ఇంటద్దె ఎవరు కడతారని మీ నాన్న అడిగేది ఇందుకే, చిరాకు పడకు.

నాకు బాగా నచ్చింది మాత్రం 2015 నాటి ‘రోజెన్‌వాల్డ్’. సియర్స్ అనే దుకాణాల కంపెనీ నడిపిన ఆ యూదు వ్యాపారి, నల్లజాతి నాయకుడు బుకర్ టి. వాషింగ్టన్ మాట విని, అమెరికా దక్షిణాది పల్లెల్లో నల్లజాతి పిల్లలకు దాదాపు 5,000 బడులు లేపాడు. డబ్బంతా ఆయనే పెట్టలేదు. ఊరివాళ్లూ వెయ్యాలి, ప్రభుత్వమూ వెయ్యాలి అన్నాడు. చేతిలో పైసా లేనివాళ్లు కలప మోశారు, ఒళ్లొంచి పనిచేశారు. కరెంటు లేని ఊళ్లు కాబట్టి వెలుతురు కోసం ఎత్తైన కిటికీలు వరసగా పెట్టేవారు. బడిపంతులమ్మను కదా, నా చూపంతా ఆ కిటికీల మీదే. ఆ బడుల్లో చదివిన పౌరహక్కుల నాయకుడు జాన్ లూయిస్ లాంటివాళ్ల చేతే కెంప్నర్ కథ చెప్పించింది.

చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో బెనె ఎఫ్రాయిము వాళ్లను తీస్తానంటున్నావు. తెలుగు మాట్లాడే యూదులని వింతగా చూసిపోయేవాళ్లు చాలామందే ఉంటారు. వాళ్లు మాదిగలు కూడా. కూలి సంగతీ, పిల్లల చదువులూ, సంబంధాలు ఎక్కడ కుదుర్చుకుంటున్నారన్నదీ అడుగు. శనివారం వాళ్లకు సబ్బాతు, అంటే విశ్రాంతి దినం, ఆ రోజు కెమెరా బ్యాగులోంచి తియ్యకు. ఊరికే వెళ్లి కూర్చో.

బడ్జెట్ కాగితం మీద రాసి నాన్నకు పంపు. కెమెరా అద్దెతో పాటు నీ తిండి ఖర్చూ వెయ్యి, అది మరిచిపోతావు. మొదటి ఆరు నెలలూ నా పెన్షన్‌లోంచి చూస్తాను.

అమ్మ