జనానికి ఓపిక లేదనకండి

సంపాదకుల వారికి,

పది రోజుల కిందట మీ పత్రికలో వచ్చిన వ్యాసం చదివినప్పటి నుంచీ ఈ ఉత్తరం రాయాలనుకుంటూనే ఉన్నాను. సభల్లో జనం మధ్యలోనే లేచిపోతున్నారని, ఫోన్లకు అలవాటుపడి వినే ఓపిక పోగొట్టుకున్నారని అందులో తేల్చేశారు. తప్పంతా వినేవాళ్ల మీదికి నెట్టడం నాకు చాలా బాధ కలిగించింది.

ఆ వ్యాసం పక్కనే ఒక నాయకుడి ప్రసంగం కూడా వేశారు కదా. రెండుసార్లు చదివాను. 'సమగ్రాభివృద్ధికి పెద్దపీట', 'యుద్ధ ప్రాతిపదికన చర్యలు', 'అన్ని వర్గాల సంక్షేమానికి కట్టుబడి ఉన్నాం'. ఎవరు చేస్తారు, ఏం చేస్తారు, ఎప్పటిలోగా చేస్తారు? ఒక్క వాక్యంలోనూ లేదు. చదువుతుంటే కళ్ల ముందు ఒక్క మనిషీ కదలలేదు. ఇలాంటిది గంటసేపు వినమంటే ఎవరు కూర్చుంటారు?

1863 నవంబరు 19న అమెరికాలోని గెటిస్‌బర్గ్‌లో ఎడ్వర్డ్ ఎవరెట్ అనే పేరున్న వక్త దాదాపు రెండు గంటలు మాట్లాడాడు. తర్వాత అప్పటి అమెరికా అధ్యక్షుడు లింకన్ లేచి సుమారు 270 మాటల్లో ముగించాడు. అసలు సంగతిని మీరు రెండు నిమిషాల్లో చెప్పినంత దగ్గరగా నేను రెండు గంటల్లో చెప్పగలిగినా సంతోషించేవాణ్ణని మర్నాడే ఎవరెట్ ఆయనకు ఉత్తరం రాశాడు. అది కదా పెద్దమనిషి తరహా!

చిన్నగా చెప్పడం ఒక్కటే చాలదు, కనిపించేలా చెప్పాలి. 1963 ఆగస్టు 28న వాషింగ్టన్‌లో, అమెరికా నల్లజాతివారి హక్కుల కోసం పోరాడిన మార్టిన్ లూథర్ కింగ్ 'మాకు హక్కులు నిరాకరించారు' అని ఊరుకోలేదు. దేశం నల్లజాతివారికి ఇచ్చింది చెల్లని చెక్కు అన్నాడు, ఖాతాలో డబ్బుల్లేవని తిరిగొచ్చిన చెక్కు. రాజ్యాంగం చదవని మనిషికి కూడా ఆ అవమానం అర్థమవుతుంది. చెడు కబురైనా అంతే. 1940 మేలో, రెండో ప్రపంచ యుద్ధం నడుస్తుండగా, బ్రిటన్ ప్రధాని చర్చిల్ తన దగ్గర ఇవ్వడానికి రక్తం, శ్రమ, కన్నీళ్లు, చెమట తప్ప ఏమీ లేవని ఉన్నదున్నట్టు చెప్పాడు.

మనవాళ్లేమో ప్రాస కుదిరితే చాలు, ప్రసంగం పండిందనుకుంటున్నారు. లేదంటే ఎదుటివాణ్ణి తిట్టడమే పదును అనుకుంటున్నారు. ఇందులో పత్రికల పాపం కూడా ఉంది. తిట్టినవాడికి 'నిప్పులు చెరిగారు' అని మొదటి పేజీ ఇస్తారు, విషయం చెప్పినవాడికి లోపలి పేజీలో నాలుగు లైన్లు.

ఆఫీసుల సంగతి మరీ ఘోరం. నేను పెట్టుకున్న అర్జీకి 'తగు చర్యలు తీసుకోవడం జరుగుతుంది' అని జవాబు వచ్చింది. తీసుకునేదెవరు? ఆ వాక్యంలో మనిషే లేడు, రేపు వెళ్లి ఎవరిని నిలదీయాలి? నాయకుల ప్రసంగాల్లోకి వచ్చిందీ ఈ భాషే. 'ఈ పని నేను చేస్తాను, ఫలానా నెలలోగా చేస్తాను' అన్నవాడు మాటకు దొరికిపోతాడు. ఆ భయంతోనే మాటలు మసకబారుతున్నాయని నా గట్టి నమ్మకం.

ఇకముందు ఏ నాయకుడి ప్రసంగం వేసినా, ఆయన ఏం చేస్తానన్నాడో పైన ఒక్క వాక్యంలో రాయండి. రాయడానికి ఏమీ దొరక్కపోతే ఆ సంగతే అచ్చు వేయండి.

ఇట్లు,
మీ పాత పాఠకుడు