తలుపు తీయని మనిషికి సమన్లు అందేదెలా?

సంపాదకులకు నమస్కారం.

మీ పత్రిక లోపలి పేజీల్లో అడుగున చిన్న అక్షరాలతో కోర్టు నోటీసులు వస్తుంటాయి కదా, ఫలానా ఓ.పి. నంబరు కేసు, ప్రతివాది ఫలానా తేదీన ఉదయం పదిన్నరకు హాజరు కావాలి, రాకపోతే ఏకపక్షంగా తేలుస్తారు అని. వాటిని ఎవరూ పెద్దగా చదవరు, నేనూ చదివేదాన్ని కాదు. రెండేళ్ల కిందట అలాంటి నోటీసు ఒకటి నా పేరుతో ఒక పత్రికలో పడింది. విడాకుల పిటిషన్ వేసింది నేను, సమన్లు తీసుకోనిది నా భర్త. ఆ నోటీసు దాకా రావడానికి నాకు 14 నెలలు పట్టింది, ఈ ఉత్తరం ఆ 14 నెలల గురించే.

ఆయన ఇల్లు వదిలి వెళ్లి అప్పటికే మూడేళ్లు దాటింది. ఇద్దరం కలిసి సంతకాలు పెడదామంటే "నేను పెట్టను, ఏం చేసుకుంటావో చేసుకో" అన్నాడు. ఒకరు ఒప్పుకోకపోతే విడాకులే రావని చాలామంది అనుకుంటారు, అది నిజం కాదు. హిందూ వివాహ చట్టంలో 13బి సెక్షన్ కింద వెళ్లాలంటేనే ఇద్దరి ఒప్పుదల కావాలి. క్రూరత్వం, రెండేళ్లకు తక్కువ కాకుండా విడిచిపెట్టి పోవడం లాంటి కారణాలుంటే 13వ సెక్షన్ కింద ఒక్కరే వేయొచ్చు. మా మధ్య పిల్లలు లేరు, పంచుకోవాల్సిన ఆస్తి లేదు, వకీలును పెట్టుకునే స్తోమత కూడా నాకు లేదు, కాబట్టి నేనే వేసుకున్నాను. 1984 నాటి ఫ్యామిలీ కోర్టుల చట్టం 13వ సెక్షన్ చదివితే ధైర్యం వస్తుంది. ఈ కోర్టులో వకీలును పెట్టుకోవడం హక్కు కాదు, అవసరమనిపిస్తే కోర్టే ఒక న్యాయ నిపుణుడి సాయం తీసుకోవచ్చు అని అందులో ఉంది. అంటే మామూలు మనిషి తన గోడు తానే చెప్పుకోవడానికి పెట్టిన కోర్టు అది.

కానీ గడప లోపలికి వెళ్లాక అలా చెప్పుకునే మనిషి కోసం ఏ ఏర్పాటూ కనిపించదు. నా పిటిషన్ మొదటిసారే రిటర్న్ అయింది, చివర వెరిఫికేషన్ పేరా, అంటే రాసినవన్నీ నిజమని సంతకం పెట్టే పేరా లేదని, పెళ్లికి రుజువు జతచేయలేదని. సరిచేసి మళ్లీ ఇచ్చాను, నంబరు పడింది. మొదటి వాయిదాకు గుండె దడదడలాడుతూ వెళ్తే "బత్తా కట్టారా అమ్మా?" అని అడిగారు. సమన్లు పంపించే ఖర్చును బత్తా అంటారని, అది నేనే కట్టాలని, కట్టకపోతే కాగితం కోర్టు నుంచి కదలనే కదలదని నాకు ఆ నిమిషం వరకు తెలియదు. ఆ ఒక్క మాట ముందే చెప్పేవాళ్లు లేక రెండు నెలలు పోయాయి.

బత్తా కట్టాక పోస్టులో వెళ్లిన కవరు తిరిగొచ్చింది. దాని మీద బాల్‌పెన్‌తో మూడు తేదీలు వేసి, ప్రతి తేదీ పక్కన 'డోర్ లాక్డ్' అని రాసి ఉంది. అందులో మధ్య తేదీ నాకు బాగా గుర్తు, ఎందుకంటే ఆ రోజు సాయంత్రమే ఆయన ఫోన్ చేసి "నీ కోర్టు కాగితాలు నా చేతికి రావు" అన్నాడు. తర్వాత కోర్టు మనిషి వెళ్తే ఇంట్లో లేరని రిపోర్టు. మళ్లీ వాయిదా, మళ్లీ బత్తా, మళ్లీ ఆఫీసులో సెలవు అడుక్కోవడం, మళ్లీ అదే టెన్షన్.

చట్టం చేతకానిదా అంటే కాదు. సివిల్ ప్రొసీజర్ కోడ్ 5వ ఆర్డర్‌లో దీనికి దారులన్నీ ఉన్నాయి. తీసుకోను అని తిప్పి పంపితే, ఆ మాట కవరు మీద ఉంటే, సమన్లు అందినట్టే కోర్టు ప్రకటించాలి. మనిషి తీసుకోకపోయినా, ఎంత వెతికినా దొరకకపోయినా తలుపుకు అంటించి రావచ్చు. కావాలనే తప్పించుకుంటున్నాడని కోర్టుకు నమ్మకం కలిగితే పత్రికలో ప్రకటన వేయించవచ్చు, అయితే దానికి మనమే విడిగా పిటిషన్ వేసుకోవాలి. నాకు ఈ సంగతి చెప్పింది వరండాలో నా పక్కన కూర్చున్న ఇంకో కేసు ఆవిడ. ఆమె చెప్పకపోయి ఉంటే ఇంకెన్ని వాయిదాలు తిరిగేదాన్నో!

ఇంకో వైపు కూడా చెప్పాలి. ఎదుటివారికి తెలియకుండా డిక్రీ, అంటే కోర్టు తీర్పు ఉత్తర్వు తెచ్చుకోవాలని పాత అడ్రసు ఇచ్చేవాళ్లూ ఉన్నారు. అది తప్పు, పైగా నిలవదు. సమన్లు సరిగా అందలేదని తేలితే ఆ డిక్రీని కొట్టేయమని వాళ్లు కోర్టుకు రావచ్చు, కేసు మళ్లీ మొదటికొస్తుంది. అందుకే నేను నాకు తెలిసిన రెండు అడ్రసులూ, ఫోన్ నంబరూ ఇచ్చాను, తిరిగొచ్చిన ప్రతి కవరూ దాచాను. ఎదుటి మనిషి రాకపోతే డిక్రీ దానంతట అదే చేతికొస్తుందనుకోవడం కూడా పొరపాటే. నేను చీఫ్ అఫిడవిట్, అంటే నా సాక్ష్యాన్ని ప్రమాణం చేసి రాసిన కాగితం ఇచ్చాను, మా అమ్మ సాక్ష్యం చెప్పింది, జడ్జిగారు ఇద్దరినీ ప్రశ్నలడిగాకే నా మాట నమ్మారు. అలా అడగడమే న్యాయం.

నేను అడిగేది కొత్త చట్టం కాదు. ప్రతి ఫ్యామిలీ కోర్టులో పిటిషన్ నమూనా, సమన్లు అందకపోతే వేసే పిటిషన్ల నమూనాలు తెలుగులో అచ్చువేసి అందరికీ దొరికేలా పెట్టండి. బత్తా ఎప్పుడు, ఎక్కడ కట్టాలో గోడ మీద పెద్ద అక్షరాలతో రాయండి. కవరు తిరిగొచ్చిన రోజే తర్వాత ఏం చేయాలో చెప్పే ఒక మనిషిని కూర్చోబెట్టండి. ఈ-మెయిల్‌లో సమన్లు పంపే వీలు కూడా ఆ కోడ్‌లోనే ఉంది, హైకోర్టు నియమాలకు లోబడి దాన్ని మామూలు పద్ధతిగా వాడండి. పక్కనే జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉంటుంది, ఆదాయంతో పని లేకుండా ఆడవాళ్లకు అక్కడ ఉచితంగా వకీలును ఇస్తారు, 15100కు ఫోన్ చేసినా దారి చెబుతారు. నాకు ఈ సంగతి డిక్రీ వచ్చాక తెలిసింది. ఇది ఫైలింగ్ కౌంటరు దగ్గరే చెప్పాల్సిన మాట.

సర్టిఫైడ్ కాపీ తీసుకుని బయటికొస్తుంటే మెట్ల మీద ఒక అమ్మాయి తన కట్ట విప్పి, తిరిగొచ్చిన కవరు నాకు చూపించి "దీనర్థం ఏంటక్కా?" అని అడిగింది. దాని మీదా డోర్ లాక్డ్ అనే ఉంది. పక్కన కూర్చుని, ఏ పిటిషన్ వేయాలో ఆ కవరు వెనకే రాసిచ్చాను.

ఇట్లు,
ఒక పాఠకురాలు