లాక్‌డౌన్ వర్తించనిది ఇంటి చాకిరీకే

సంపాదకులకు,

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్చి 11న కోవిడ్‌ను మహమ్మారిగా ప్రకటించాక ఆఫీసు, బడి రెండూ ఇంట్లోకే వచ్చాయి. ఆ పనంతా ఎవరి మీద పడిందో ఏ ఇల్లాలిని అడిగినా చెబుతుంది. అంతకు ముందు కూడా తేడా చిన్నదేం కాదు. అంతర్జాతీయ కార్మిక సంస్థ 2018 లెక్క ప్రకారం జీతం లేని ఇంటిపనికి, సంరక్షణకు స్త్రీలు రోజుకు 4 గంటల 25 నిమిషాలు వెచ్చిస్తుంటే పురుషులు 1 గంట 23 నిమిషాలు వెచ్చిస్తున్నారు.

ఆ రోజుల్లో అందరూ పడుకున్నాక బాత్రూంలో కుళాయి తిప్పి ఏడ్చేదాన్ని. చప్పుడు బయటికి వినపడకూడదని. "ఇంట్లోనేగా ఉంటున్నావ్, నీకేం టెన్షన్?" అనేవారు. ఒంటరిగా కూర్చోవడానికి పావుగంట దొరక్కపోవడమే నా టెన్షన్. అది అప్పుడు నోరు తెరిచి చెప్పలేకపోయాను.

కోవిడ్ మొదటి ఏడాదిలో ఆందోళన, కుంగుబాటు ప్రపంచవ్యాప్తంగా 25 శాతం పెరిగాయని, స్త్రీలపై ఆ ప్రభావం ఎక్కువని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో తెలిపింది. మళ్లీ అలాంటి విపత్తు వస్తే, ఇంటింటికీ వచ్చి జ్వరం ఉందా అని అడిగే ఆరోగ్య కార్యకర్తలు ఇల్లాలిని పక్కకు పిలిచి, "నిద్ర పడుతోందా? పనిలో ఎవరైనా సాయం చేస్తున్నారా?" అని కూడా అడగాలి. పక్కకు పిలవడం ముఖ్యం. అందరి ముందూ అడిగితే "బాగానే ఉన్నాను" అనే చెబుతుంది.

- ఒక గృహిణి