నీ కారుకి ఏ వాక్స్ కొనాలంటే...

ఒరేయ్ బావా,

సెకండ్‌హ్యాండ్‌లో ముదురు నీలం కారు కొన్నావని తెలిసి సంతోషించాను. ఆ వెంటనే "ఏ వాక్స్ కొనాలి? ఒక్క మాటలో చెప్పు" అని మెసేజ్ పెట్టావు చూడు, అక్కడే నవ్వొచ్చింది. ఒక్క మాటలో చెప్పే అలవాటు నాకెప్పుడుందిరా? అందుకే ఈ ఉత్తరం.

పండగయ్యాక మద్రాసు వస్తానన్నావుగా, మౌంట్ రోడ్ పక్కన జనరల్ ప్యాటర్స్ రోడ్డుకి వెళ్దాం. వీధంతా కారు సామాన్ల షాపులే. షాపువాడు ముందుగా "ప్యూర్ కార్నోబా" అని రాసున్న ఖరీదైన డబ్బా తీస్తాడు. కార్నోబా అంటే ఈశాన్య బ్రెజిల్‌లో పెరిగే ఒక తాటిజాతి చెట్టు ఆకుల మీద పట్టే మైనం. అది కరగాలంటే 80 డిగ్రీలు దాటాలి, తేనెమైనమైతే 65 లోపే కరిగిపోతుంది. అయితే అసలు కార్నోబా ఎంత గట్టిదంటే, ఆయిల్స్, సాల్వెంట్లు కలపకపోతే కారుకి రాయనే రాయలేం. కాబట్టి డబ్బా నిండా అదే ఉంటుందని భ్రమపడకు. మెరుపు మాత్రం అందంగా ఉంటుంది, ముదురు రంగుల మీద మరీనూ. కానీ మన ఎండల్లో రోడ్డు మీద నిలిపే కారుకి రెండు నెలలు నిలిస్తే గొప్ప.

నీ కారుకి షెడ్డు లేదు కదా. కాబట్టి నా ఓటు సింథటిక్ లిక్విడ్ వాక్స్‌కే. కొందరు సీలెంట్ అంటారు. మెరుపు కాస్త పొడిగా అనిపించినా ఎక్కువ నెలలు ఉంటుంది. స్ప్రే వాక్స్ మధ్యమధ్యలో పైపైన కొట్టుకోవడానికి పనికొస్తుంది. "క్లీనర్ వాక్స్" అని ఉంటే మాత్రం ఆలోచించు, అందులో సన్నగా రుద్దే పొడి ఉంటుంది. పెయింట్ పైనున్న క్లియర్ కోట్ అనే రంగులేని పొర మందం వెంట్రుకకన్నా తక్కువ. దాన్ని ఊరికే అరగదీసుకోవడమెందుకు?

ఇంకో సంగతి. గీతలు పోవాలంటే పాలిష్ చేయాలి, వాక్స్‌తో అవి పోవు. కింద ఏముందో దాన్నే అది కాపాడుతుంది, మురికి ఉంటే మురికినే. అందుకే నన్నడిగితే డబ్బా ఎంచుకోవడంకన్నా కడగడమే పెద్ద పని. రెండు బకెట్లు పెట్టుకో, ఒకదాంట్లో కారు షాంపూ, ఇంకోదాంట్లో గుడ్డ జాడించే నీళ్లు. గిన్నెలు తోమే లిక్విడ్ వాడితే ఉన్న వాక్స్ కూడా పోతుంది. మా బోరునీళ్లలాగా మీవీ ఉప్పగా ఉంటే, చుక్కలు ఆరకముందే తుడిచెయ్. లేకపోతే తెల్ల మచ్చలు పడతాయి.

ఆరాక చేతికి పలచటి పాలిథిన్ కవర్ తొడుక్కుని బానెట్ మీద మెల్లగా రాసి చూడు. గరగరమంటే కంటికి కనపడని దుమ్ము, తారు పెయింట్‌ని పట్టుకుని ఉన్నట్టే. క్లే బార్ అని మెత్తటి బంకమట్టి ముద్దలాంటిది దొరుకుతుంది, దాన్ని దాని స్ప్రే కొడుతూ నెమ్మదిగా జరిపితే అంతా వచ్చేస్తుంది. క్లే కిందపడిందా, ఇక దాన్ని పారెయ్. ఇసుకరేణువు ఒక్కటి అంటుకున్నా చాలు, బానెట్ అంతా గీతలే.

ఇక వాక్స్. పొద్దున్నే, నీడలో. బానెట్ మీద అరచెయ్యి పెడితే చల్లగా తగలాలి, వేడి మీద రాస్తే ఉన్నట్టుండి ఎండి పట్టేస్తుంది. ఫోమ్ ప్యాడ్ మీద కొంచెమే వేసుకుని ఒక్కో డోర్‌కి పలచగా రాయి. మందంగా పూసినంత మాత్రాన ఎక్కువ రోజులు ఉండదు, తుడిచేటప్పుడు నీ భుజాలు పోతాయంతే. గుండ్రంగా రాయాలా నిలువుగా రాయాలా అని జనం కొట్టుకుంటారు. నేను నిలువుగానే రాస్తాను. పొరపాటున గీత పడినా సుడులు తిరిగినట్టు కనపడదు.

తెల్లగా పొగలా తేలాక వేలితో ఒకసారి గీసి చూడు. కింద పెయింట్ శుభ్రంగా కనిపిస్తే మైక్రోఫైబర్ గుడ్డతో తుడవొచ్చు, జిగటగా సాగితే ఇంకాసేపు ఆగు. పాత బనియన్లు తీసుకురాకురా నాయనా, వాటి కుట్లు గీస్తాయి.

నల్ల ప్లాస్టిక్ బంపర్ అంచులకి అంటనివ్వకు, తెల్లగా పట్టేసి వదలదు. ముందు అద్దానికీ వద్దు, వైపర్లు దడదడలాడతాయి. అమ్మినవాణ్ని ఏ డోర్‌కైనా ఈ మధ్య రీపెయింట్ చేయించాడేమో అడుగు. కొత్త పెయింట్ లోపలి సాల్వెంట్లు ఆరిపోవాలి, కనీసం నెల ఆగి అప్పుడు వాక్స్ పెట్టుకో.

వచ్చేటప్పుడు రాత్రి బయల్దేరితే హైవే మీద పురుగులన్నీ నీ బంపర్‌కే అంటుకుంటాయి. దిగగానే తడిగుడ్డ వేసి నానబెట్టు, గోకకు. నెల్లూరు మలైకాజా మాత్రం మర్చిపోయావో, ప్యాటర్స్ రోడ్డుకి ఒక్కడివే వెళ్లాలి.

నీ
మద్రాసు బావ